మా రెస్క్యూ బోటు డ్యాష్‌బోర్డుకు కొత్త మీటర్లు

గత ఏడాది జూన్ చివరి ఆదివారం మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ నడుమ మా సెయిలింగ్ క్లబ్బు రెస్క్యూ బోటు ఇంజను ఆగిపోయింది. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, దానితో పాటే లేచిన ఈదురుగాలికి పిల్లలు ఒక్కొక్కరుగా నడిపే ఆప్టిమిస్టు అనే చిన్న తెరచాప పడవలు నాలుగు ఒకదాని వెంట ఒకటి బోల్తా పడ్డాయి. మొదటి రెండింటి దగ్గరికి వెళ్లి పిల్లలను ఎక్కించుకొని మూడో పడవ వైపు తిరిగామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పెట్రోలు మీటరు ముల్లు మాత్రం సరిగ్గా సగం దగ్గర నిలబడి ఉంది. మా బోట్‌మన్ అన్న పెట్రోలు పైపు మధ్యలో ఉండే ప్రైమర్ బల్బును రెండు మూడుసార్లు నొక్కి, అది చేతిలో మెత్తగా అణిగిపోవడం చూసి, "సార్, ముల్లు సగం మీదనే ఉన్నది గని, ఇంజను గాలి తాగుతున్నది" అన్నారు.

పడమటి గాలి మమ్మల్ని ట్యాంక్‌బండ్ రాతికట్ట వైపు నెట్టుకుపోతుంటే, ఎక్కించుకున్న ఇద్దరు పిల్లలను పడవ అడుగున కూర్చోబెట్టి, తెడ్డుతో ముందు భాగాన్ని గాలికి ఎదురుగా నిలపడానికి మేమిద్దరం పడిన అవస్థ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పక్క క్లబ్బు మోటారు పడవ వచ్చి, నీళ్లలో ఉన్న మిగిలిన ఇద్దరినీ తీసుకొని, మా పడవను కూడా తాడు కట్టి ఒడ్డుకు లాగింది. పిల్లలందరూ లైఫ్ జాకెట్లు వేసుకొనే ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అయితే ఆ పది నిమిషాలు, పదకొండేళ్ల పిల్ల ఒకతె తన పడవ అడుగు భాగాన్ని పట్టుకొని మా వైపే చూస్తూ ఉండటం, మేము ఆమె దగ్గరికి వెళ్లలేకపోవడం నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఆ డ్యాష్‌బోర్డును మొత్తం విప్పి, ప్రతి తీగనూ నా చేత్తో చూసి, మీటర్లు కొత్తవి బిగించాలని. నేను వృత్తిరీత్యా లెక్కల మనిషిని. కరెంటు పని ఇష్టంతో నేర్చుకున్నది మాత్రమే. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ దారి తప్పబోయి ఆగామో, ఇలాంటి పడవలు చూసుకునేవారికి ఉపయోగపడుతుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా, చెడింది మీటరా, తీగా, ట్యాంకులోని సెండరా అన్నది తేల్చుకోవాలి. పెట్రోలు మీటరు పని చేసే తీరు చాలా సులువైనది. ట్యాంకులో ఒక ఫ్లోటు తేలుతూ ఉంటుంది. అది పైకీ కిందికీ కదిలినప్పుడు దానికి తగిలించిన సెండరులో కరెంటుకు ఎదురయ్యే నిరోధం మారుతుంది, మీటరు ఆ నిరోధాన్ని ముల్లుగా చూపిస్తుంది. మీటరు వెనుక మూడు ముఖ్యమైన కొనలు ఉంటాయి. 'ఐ' అన్నది తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులకు, 'జీ' అన్నది నెగెటివ్‌కు, 'ఎస్' అన్నది సెండరుకు. మా పడవలో ఉన్నది అమెరికా పద్ధతి. అందులో ట్యాంకు ఖాళీగా ఉంటే సెండరు 240 ఓమ్‌లు, నిండుగా ఉంటే 33 ఓమ్‌లు చూపుతుంది. కాబట్టి తాళం తిప్పి ఉంచి 'ఎస్' తీగను ఊడదీస్తే ముల్లు ఖాళీకి పడిపోవాలి, 'ఎస్' కొనను ఒక చిన్న తీగతో 'జీ'కి తాకిస్తే నిండుకు లేవాలి. ఈ రెండూ జరిగితే మీటరు మంచిదే, దోషం సెండరులోనో దారిలోనో ఉన్నట్టు. మా ముల్లు రెండింటికీ కదల్లేదు. అద్దం లోపలికి వాన నీరు దిగి, ముల్లు తిరిగే ఇరుసు తుప్పుతో బిగుసుకుపోయింది. ఎన్ని నెలల కిందట బిగుసుకుందో తెలియదు. ముల్లు ఖాళీ దగ్గర బిగుసుకొని ఉంటే ఎవరో ఒకరు అనుమానించేవారు. సగం దగ్గర బిగుసుకోవడం వల్లనే అందరమూ నమ్మాము.

అంతటితో ఆగి, ఒక్క మీటరు మార్చి ఊరుకొని ఉంటే పని ఒక గంటలో అయిపోయేది. కానీ అదే రోజు ఇంకో విషయం కనిపించింది. బ్యాటరీ కొనల దగ్గర మల్టీమీటరు 12.6 వోల్టులు చూపుతుంటే, అన్ని స్విచ్చులూ వేసి డ్యాష్‌బోర్డు వెనుక 'ఐ'కీ 'జీ'కీ మధ్య కొలిస్తే 11.2 మాత్రమే ఉంది. దాదాపు వోల్టున్నర దారిలోనే ఖర్చయిపోతోంది. మీటర్ల లైటు స్విచ్చి వేసిన ప్రతిసారీ, అప్పటికి ఇంకా కదులుతున్న వోల్టు మీటరు ముల్లు కాస్త వణికి కిందికి దిగేది. లైటు వేస్తే వేరే మీటరు ముల్లు కదిలిందంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న నెగెటివ్ దారి ఎక్కడో పలచబడిందని అర్థం. పడవల్లో మీటర్ల జబ్బులు చాలా వరకు మీటర్లవి కావు, ఈ నెగెటివ్ తీగవే. కొత్త మీటరును ఆ పాత దారికి తగిలిస్తే అది కూడా తప్పే చూపిస్తుంది, అప్పుడు కొత్తదన్న నమ్మకం కూడా తోడవుతుంది.

డ్యాష్‌బోర్డు పలకను విప్పి చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. అంతకు ముందు ఎప్పుడో బాగు చేసినవారు, ఇళ్లలో గోడలకు వేసే ఎర్ర తీగనే అన్నింటికీ వాడారు. పెట్రోలుకూ ఎర్ర తీగే, లైటుకూ ఎర్ర తీగే, నెగెటివ్‌కు కూడా ఎర్ర తీగే. అతుకులన్నీ మెలితిప్పి టేపు చుట్టినవి. ఆ టేపు ఎండకు జిగురు కారి, లాగితే చేతికి అంటుకుంటూ ఊడివచ్చింది. ఒక అతుకు విప్పి రాగి పోగులను చూశాను. పచ్చగా చిలుము పట్టి ఉంటుందని అనుకున్నాను, కానీ అవి బొగ్గులా నల్లగా ఉన్నాయి. గోరుతో గీకితే నలుపు వేలికి అంటింది, కింద ఎర్రటి రాగి కనిపించలేదు. తొడుగు ఒలుచుకుంటూ వెనక్కి నాలుగు అంగుళాలు వెళ్లినా లోపల అదే నలుపు.

దీనికి కారణం మన చెరువులోనే ఉంది. హుస్సేన్‌సాగర్ మంచినీటి చెరువే కదా, సముద్రంలో లాగా ఉప్పు లేదు కదా, తీగలకు ఏమవుతుందిలే అని మేము ఇన్నేళ్లూ అనుకున్నాము. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన ఈ చెరువులోకి ఇప్పుడు కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలాల నీరు చేరుతుంది. వాటితో వచ్చే మురుగు అడుగున కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. ఎండాకాలంలో ట్యాంక్‌బండ్ మీద నడిచేవారికి తగిలే కుళ్లిన గుడ్ల వాసన అదే. ఆ వాయువు రాగినీ వెండినీ నల్లగా మార్చి పైన సల్ఫైడ్ పొర కట్టిస్తుంది. వెండి పట్టీలు నల్లబడటం చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఉప్పునీటి పడవలకు ఉండే జాగ్రత్తలన్నీ ఈ చెరువు మీద తిరిగే పడవలకూ కావాలని నాకు ఆ నల్లటి పోగులను చూశాకే అర్థమైంది. ఈ నాలాల నీటిని శుద్ధి చేయకుండా చెరువులోకి వదలకూడదని అనడానికి నాకు వేరే కారణాలు చాలా ఉన్నాయి, కానీ తీగల మనిషిగా ఈ ఒక్కటి కూడా చేర్చుకుంటున్నాను.

అందుకే తీగల విషయంలో రాజీ పడకూడదని అనుకున్నాము. పోగు పోగుకూ తగరం పూత ఉన్న రాగి తీగ తెప్పించాము. మామూలు తీగ కంటే ధర రెట్టింపు పైనే ఉంటుంది, కానీ ఆ పూత సల్ఫైడును చాలా వరకు ఆపుతుంది. రంగులు కూడా పడవల్లో సాధారణంగా పాటించే పద్ధతిలోనే తీసుకున్నాము. పెట్రోలు సెండరుకు గులాబీ, ఇంజను తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం మీటరుకు బూడిద రంగు, తాళం నుంచి వచ్చే కరెంటుకు ఊదా, మీటర్ల లైట్లకు ముదురు నీలం, నెగెటివ్‌కు నలుపు. రేపు నేను లేని రోజున ఎవరు ఆ పలక విప్పినా రంగు చూసి తీగ పని తెలుసుకోగలగాలి. పాత తీగలను కోసేముందు ప్రతిదానికీ తెల్ల టేపు మీద పేరు రాసి అంటించి, ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఈ పనికి పట్టిన అరగంట తరువాత మూడు రోజుల శ్రమ తప్పించింది.

మీటర్లు ఎన్ని ఉండాలన్న దానిపై మా క్లబ్బులో కాస్త చర్చ జరిగింది. పాత డ్యాష్‌బోర్డులో నాలుగు ఉండేవి. స్పీడు మీటరు వద్దని నేను గట్టిగా పట్టుబట్టాను. అది ఇంజను కింది భాగంలో ఉండే సన్నటి రంధ్రంలోకి తోసుకొచ్చే నీటి ఒత్తిడిని కొలిచి పని చేస్తుంది. మన చెరువు బురదకు ఆ రంధ్రం వారానికోసారి మూసుకుపోతుంది. పైగా రెస్క్యూ పడవ నడిపేవారికి గంటకు ఎన్ని కిలోమీటర్లు వెళుతున్నామన్నది అవసరమే లేదు. పెట్రోలు, ఆర్‌పీఎం, వోల్టు, ఈ మూడు చాలు. ఆర్‌పీఎం మీటరులోనే ఇంజను ఎన్ని గంటలు నడిచిందో లెక్క పెట్టే చిన్న తెర ఉన్నది తీసుకున్నాము. ఆయిలు ఎప్పుడు మార్చాలో అందాజాగా కాకుండా లెక్క ప్రకారం తెలుస్తుంది.

నగరంలో పడవ మీటర్లు అమ్మే దుకాణం నాకు కనబడలేదు. రాణిగంజ్‌లో పంపులు, బోల్టులు, నట్లు, బ్యాటరీ కేబుళ్ల థింబుల్స్ అన్నీ దొరుకుతాయి. మీటర్లు మాత్రం తీరప్రాంతంలోని ఒక దుకాణానికి చెప్పి తెప్పించుకోవలసి వచ్చింది. పార్సిలు వచ్చిన సాయంత్రమే పడవకు బిగించాలని నాకు తొందరగా ఉన్నా, ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు ఒప్పుకోలేదు. "మామయ్యా, ముందు బల్ల మీద పెట్టి చూద్దాం" అని, కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి, తిప్పితే నిరోధం మారే 250 ఓమ్‌ల పాట్ ఒకటి కొనుక్కొచ్చాడు. ఇంట్లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీకి మీటరు తగిలించి, సెండరు స్థానంలో ఆ పాట్ పెట్టి తిప్పాడు. 33 ఓమ్‌ల దగ్గర ముల్లు నిండును చూపాలి కదా, ఖాళీకి దగ్గరగా నిలబడింది. 103 దగ్గర సగం చూపాలి, సగం దాటి ఉంది. 180 దాటగానే పూర్తిగా నిండుకు వెళ్లి కూర్చుంది.

అల్లుడు ఒక్క నిమిషం ఆలోచించి, "మామయ్యా, ఇది యూరప్ లెక్క మీటరు, మన సెండరు అమెరికాది" అన్నాడు. యూరప్ పద్ధతిలో ఖాళీకి 10 ఓమ్‌లు, నిండుకు 180 ఓమ్‌లు. అంటే రెండు పద్ధతులు ఒకదానికొకటి తలకిందులు. పెట్టె మీద ఆ అంకెలు చిన్న అక్షరాలతో రాసే ఉన్నాయి, కానీ మేము అడిగింది 240–33 అనీ, దుకాణం వారు పంపింది వేరు అనీ అప్పటి వరకు గమనించలేదు. దీనిని అలాగే పడవకు బిగించి ఉంటే ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముల్లు నిండు వైపు జరుగుతూ పోయేది. పాత ముల్లు కనీసం కదలకుండా ఉండేది, కొత్తది కదులుతూ మోసం చేసేది. దుకాణం వారు మూడు వారాల తరువాత సరైనది పంపారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఒక్కటే. మీటరూ సెండరూ ఒకే పద్ధతివి అయ్యేలా, ఓమ్‌ల అంకెలు రాసి మరీ అడగండి. వచ్చాక బల్ల మీద పరీక్షించనిదే పడవకు తగిలించకండి.

ఈలోగా ట్యాంకు పని మొదలుపెట్టాము. ఇందులో ప్రమాదం ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, అది పైకి లేచిపోదు, పడవ అడుగున మడుగు కట్టినట్టు నిలుస్తుంది. పడవను ట్రెయిలరు మీద చెట్టు కింద పెట్టి, మూతలన్నీ తెరిచి గంటల తరబడి గాలి ఆడనిచ్చి, బ్యాటరీ నెగెటివ్ కొనను ముందుగా ఊడదీసి, బ్యాటరీని పూర్తిగా పడవ బయట పెట్టాకే సెండరు స్క్రూలు విప్పాము. ఫోన్లు కూడా దూరంగా పెట్టించాను. సెండరు పళ్లెంకు ఐదు స్క్రూలు ఉంటాయి. వాటిలో ఒక రంధ్రం మిగతా వాటికి సమదూరంలో కాకుండా కొద్దిగా పక్కకు ఉంటుంది, కాబట్టి పళ్లెం ఒకే దిక్కున కూర్చుంటుంది. ఈ విషయం గమనించక బలవంతంగా తిప్పితే ట్యాంకు మర పాడవుతుంది.

పాత సెండరు చేతిలా ఊగే కమ్మీకి ఫ్లోటు ఉన్న రకం. పడవ అలల మీద ఎగిరినప్పుడల్లా ముల్లు కూడా దానితో ఎగిరేది. దాని స్థానంలో నిలువు స్టీలు గొట్టం రకం పెట్టాము. గొట్టం లోపలే ఫ్లోటు మెల్లగా జారుతుంది, గొట్టానికి ఉన్న చిన్న రంధ్రాల గుండానే పెట్రోలు లోపలికీ బయటికీ వెళ్లాలి కాబట్టి అలల కుదుపు ముల్లు దాకా రాదు. ట్యాంకు లోతును పుల్లతో కొలిచి, దానికంటే ఒక అంగుళం తక్కువ పొడవున్న గొట్టం ఎంచుకోవాలి. రబ్బరు గాస్కెటు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. మామూలు రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. అందుకే ఇథనాలును తట్టుకునే విటాన్ రబ్బరు గాస్కెటు వెతికి వేశాము.

ఇక డ్యాష్‌బోర్డు పలక. పాత ఫైబర్ పలకలో రంధ్రాల చుట్టూ పగుళ్లు వచ్చాయి, స్పీడు మీటరు తీసేస్తే ఒక రంధ్రం ఖాళీగా మిగులుతుంది. అందుకని 8 మిల్లీమీటర్ల మందం ఉన్న నల్లటి హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్కు షీటును బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో మిషను మీద కోయించాము. చిన్న మీటర్లకు 52 మిల్లీమీటర్లు, ఆర్‌పీఎం మీటరుకు 85 అని పుస్తకంలో రాసి ఉంటుంది. వెర్నియరుతో కొలిస్తే మాకు వచ్చిన పెద్ద మీటరు ఒంటి అడ్డుకొలతే ఇంచుమించు 85 ఉంది, 85 రంధ్రంలోకి అది బిగుసుకొని దిగదు. వర్క్‌షాపు ఆయనకు 86 చెప్పాము. వస్తువు చేతికి వచ్చాకే రంధ్రం కోయించాలి, పుస్తకం చూసి కాదు. ఈ ప్లాస్టిక్కుకు సిలికాన్ జిగురు సరిగా పట్టదు. కాబట్టి మీటరు అంచు కింద రబ్బరు రింగు వేసి, వెనుక యు ఆకారపు పట్టీని చేతి వేళ్లతో బిగించగలిగినంతే బిగించాము. స్పానరు పెట్టి బిగిస్తే మీటరు అంచు విచ్చుకుంటుంది, అక్కడి నుంచే మళ్లీ వాన నీరు దిగుతుంది.

తీగలు కలిపే పని మొత్తంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది. ముందుగా డ్యాష్‌బోర్డు వెనుక, తీగలన్నీ ఒకచోట కలిపే ఇత్తడి పట్టీ (బస్‌బారు) ఒకటి బిగించి, బ్యాటరీ నుంచి మందమైన నల్ల తీగ నేరుగా దానికి తెచ్చి, ప్రతి మీటరు నెగెటివ్‌నూ విడివిడిగా ఆ బారుకే చేర్చాను. ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు దండ గుచ్చినట్టు నెగెటివ్ పంపడం చూడటానికి సులువుగా ఉంటుంది, కానీ మధ్యలో ఒక్క అతుకు వదులైతే ఆ తరువాతి మీటర్లన్నీ కలిసి తప్పు చూపిస్తాయి. ఊదా తీగకు మొదట్లోనే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. కొనలన్నీ క్రింపింగ్ ప్లయరుతో లగ్గులు (తీగ చివర తొడిగే లోహపు కొనలు) నొక్కినవే, టంకం పెట్టలేదు. టంకం పెట్టిన చోట తీగ గట్టిబడి, ఇంజను అదురుకు ఆ గట్టిదనం ముగిసే చోటే పోగులు తెగుతాయి. లగ్గు మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవు తొడిగి వేడి గాలి చూపిస్తే, స్లీవు ముడుచుకుంటూ రెండు చివర్లా సన్నటి జిగురు బొట్టు బయటికి తొంగిచూస్తుంది. ఆ బొట్టు కనిపిస్తే లోపలికి గాలి కూడా దూరదు. ఇరవై రెండు కొనలకు ఇరవై రెండు చోట్లా ఆ బొట్టు కనిపించే దాకా మా అల్లుడు వదిలిపెట్టలేదు. పని అంతా అయ్యాక మళ్లీ 'ఐ'కీ 'జీ'కీ మధ్య కొలిచాము. బ్యాటరీ దగ్గర 12.6, మీటరు దగ్గర 12.5.

ఆర్‌పీఎం మీటరు సంగతి వేరు. దానికి సెండరు ఉండదు. ఇంజను చక్రం కింద కరెంటు పుట్టించే చుట్టల నుంచి వచ్చే పల్సులను అది లెక్కపెడుతుంది. మా 40 హార్స్‌పవర్ ఇంజను చక్రంలో 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్నాయని దాని పుస్తకంలో ఉంది. 12 పోల్స్ అంటే చక్రం ఒక చుట్టుకు 6 పల్సులు. మీటరు వెనుక పోల్స్ సంఖ్య ఎంచుకునే చిన్న స్విచ్చి ఉంటుంది. మేము మొదటిసారి ఇంజను స్టార్టు చేసినప్పుడు అది నింపాదిగా గుడగుడమంటుంటే మీటరు 1800 చూపింది. చెవికి ఆ లెక్క పొసగలేదు. ఆ ఇంజను ఊరికే నిలిచి తిరిగేటప్పుడు 900 దగ్గర ఉండాలి. నిమిషానికి 900 చుట్లంటే సెకనుకు 15 చుట్లు, 90 పల్సులు. అవే 90 పల్సులను 6 పోల్స్ లెక్కన, అంటే చుట్టుకు 3 చొప్పున లెక్కిస్తే 1800 వస్తుంది. స్విచ్చి చూస్తే 6 మీదనే ఉంది. సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి, లోపలి కొనలు శుభ్రపడ్డాక 12 మీద నిలిపాము. ముల్లు 900 మీద కూర్చుంది. (ఈ పరీక్షంతా ఇంజను కింది భాగాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచి చేసినది. నీళ్లు లేకుండా ఇలా పడవ వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజను నడిపితే లోపలి పంపు రబ్బరు రెక్కలు నిమిషాల్లో కాలిపోతాయి.)

వోల్టు మీటరు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇంజను ఆగి ఉండగా 12.6, నడుస్తుండగా 14 దరిదాపుల్లో ఉంటే బ్యాటరీ నిండుతోందని నిశ్చింత. నడుస్తున్నా 12.5 దాటకపోతే ఆ రోజు పడవను నీళ్లలోకి దింపవద్దని బోర్డు మీద రాసి పెట్టాము.

మిగిలింది ముల్లుకూ లీటర్లకూ మధ్య ఉన్న సంబంధం. సగం అని చూపితే ట్యాంకులో సగం పెట్రోలు ఉందని అందరూ అనుకుంటారు, అది నిజం కాదు. మా ట్యాంకు 50 లీటర్లది. పడవ అడుగు వంపుకు తగ్గట్టు దాని అడుగు కూడా సన్నగా కోసుగా ఉంటుంది, పైన వెడల్పుగా ఉంటుంది. ఫ్లోటుకు ఎత్తు మాత్రమే తెలుసు, వెడల్పు తెలియదు. అందుకని ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, ఇనుప క్యానుతో ఒక్కొక్క లీటరు పోస్తూ, ముల్లు ఎక్కడ ఆగుతుందో మా అల్లుడు రాసుకున్నాడు. పావు గీత దగ్గర పన్నెండున్నర లీటర్లు ఉండాల్సింది 9 లీటర్లే ఉన్నాయి. సగం గీత దగ్గర 25 కాదు, 21. పూర్తి వేగంతో వెళ్లేటప్పుడు ఈ ఇంజను గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది. అంటే పావు గీత దగ్గర మిగిలింది 36 నిమిషాల పరుగు. బోల్తా పడిన పడవను లాగుతూ గాలికి ఎదురు వచ్చేటప్పుడు ఆ 36 నిమిషాలు ఎక్కువ కాదు. కాబట్టి పావు గీత మీద ఎర్ర రంగుతో సన్నటి చార గీసి, ముల్లు దాన్ని తాకితే ఒడ్డుకు రావలసిందేనని నియమం పెట్టుకున్నాము. లీటర్ల పట్టికను లామినేట్ చేయించి స్టీరింగు పక్కనే అంటించాము.

ఇంకొక చిన్న ఏర్పాటు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఎండకు మీటరు అద్దాలు పచ్చబడి, సాలెగూడు లాంటి సన్నటి చీలికలు వస్తాయి. పాత మీటర్లలోకి నీరు దిగింది ఆ చీలికల నుంచే. అందుకని తెరచాపలకు వాడే గుడ్డతో డ్యాష్‌బోర్డుకు తొడుగు కుట్టించాము. పడవ ఒడ్డున ఉన్నంతసేపూ తొడుగు ఉండాలి. మొత్తం ఖర్చు, తొడుగుతో కలిపి, 19,000 రూపాయల లోపే అయింది. సెలవు రోజుల్లో చేసుకున్నాము కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా పట్టింది.

ఈ జూన్‌లో తొలి వాన పడిన తరువాతి ఆదివారం పిల్లలకు మళ్లీ శిక్షణ మొదలైంది. నేను వెళ్లేసరికి బోట్‌మన్ అన్న తొడుగు తీసి మడిచి పెట్టి, తాళం తిప్పి, మీటర్ల వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ఆయన దగ్గర చాలా కాలంగా ఒక వెదురు పుల్ల ఉంది. పోయిన ఏడాది ఆ సంఘటన తరువాత దాని మీద చాకుతో గాట్లు పెట్టుకొని, పడవ కదిలే ముందు పెట్రోలు మూత తీసి ఆ పుల్లను ట్యాంకులోకి దింపి చూసుకునే అలవాటు చేసుకున్నారు. గాట్లకు ఎదురుగా మేము కొలిచిన లీటర్లను మా అల్లుడు మార్చిలోనే రాసి ఇచ్చాడు. ఆ రోజు కూడా ఆయన పుల్లను దింపి, పైకి తీసి, తడి ఎక్కడి దాకా వచ్చిందో వేలితో పట్టుకొని, నాకు చూపించారు.

"కర్ర 21 అంటున్నది సార్. ముల్లు?"

నేను డ్యాష్‌బోర్డు మీదికి వంగి చూశాను. ముల్లు సగం గీత మీద ఉంది. ఆయన పుల్లను గుడ్డతో తుడిచి సీటు కింద పెట్టారు, మేము పడవను నీళ్లలోకి తోశాము.